వెలుగు గది ఖాదర్ మొహిద్దీన్ గారు

పంతొమ్మిది వందల తొంభై ఆరవ సంవత్సరం ఫిబ్రవరి మాసం పదకొండవ తేదీన జనాబ్ షేక్ ఖాదర్ మొహిద్దీన్ గారు రియాద్ నగరం మలాజ్ ప్రాంతంలోని మన మానసిక చికిత్సాలయంలో నర్సుగా విధుల్లో చేరారు. ఎడారి అంటే ఎండే కదా అనుకుని రాయచోటి నుంచి పల్చని చొక్కాతో బయలుదేరి వచ్చిన ఆ యువకుడు విమానాశ్రయం వాకిట చలికి వణుకుతూ నిలబడితే, ఆస్పత్రి బండి తెచ్చిన డ్రైవరు తన కోటు విప్పి ఆయన భుజాన వేశాడట. ఈ దేశం గురించి తాను అనుకుని వచ్చినదేదీ సరి కాదని మొదటి రోజే తెలిసిపోయిందని వారు చాలాకాలం నవ్వుతూ చెప్పేవారు. ఈ మధ్య ఆ మాట చెప్పేటప్పుడు నవ్వడం లేదు.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలు వారు పురుషుల వార్డులో పొద్దుటి పూట పనిచేశారు. అరబ్బీ రాదు, రోగుల కోపతాపాలు తెలియవు, బూతుకూ ప్రార్థనకూ తేడా పోల్చుకోలేని స్థితి. అయినా ఎవరి చెయ్యి ఎప్పుడు లేస్తుందో, ఎవరి కన్ను ఎప్పుడు తడి అవుతుందో కనిపెట్టి మెలగడం నేర్చారు. కట్టివేయవలసి వచ్చిన రోగి పక్కన కట్టు విప్పే దాకా కుర్చీ వేసుకుని కూర్చోవడం ఆయన అలవాటు. ఆ అలవాటు ఆయనకు ఎవరూ నేర్పలేదు, ఆయనను చూసి చాలామంది నేర్చుకున్నారు.

ఆ వార్డులో ఆయన దృష్టి పదే పదే పోయినది ఫలహారపు పళ్ళేల మీదికి. పొద్దున్నే వేడి వేడిగా వచ్చిన ఉడికిన చిక్కుళ్ళు, రొట్టెలు ఎవరూ ముట్టకుండా చల్లారి తిరిగి వంటగదికి పోయేవి. రోగులు తెల్లవారుజామున నిద్రపోయి సాయంత్రపు అసర్ నమాజు వేళకు లేచేవారు. ఇళ్ళలో కూడా అంతే. ఎండ పొడకు భయపడి కిటికీలకు దుప్పటంత మందపు తెరలు వేసుకుని, దుకాణాలూ షికార్లూ చుట్టరికాలూ అన్నీ రాత్రి ఇషా నమాజు తరువాతికి పెట్టుకునే నగరమిది. ఒంట్లో బాగున్నవాడు ఆ జీవితంలోనుంచి పొద్దుటి ఉద్యోగంలోకి ఎట్లాగో మళ్ళుకుంటాడు. మనసు జబ్బు పడినవాడు మళ్ళుకోలేడు. నిద్ర తన వేళ తప్పి జారిపోతుంది, దాని వెనకే చదువు, కొలువు, కాపురం ఒక్కొక్కటే జారిపోతాయి. ఇంట్లోవాళ్ళు దానికి సోమరితనమని పేరు పెడతారు. ఆ పేరు విని విని రోగి కూడా అదే నిజమనుకుంటాడు.

హైదరాబాదు నుంచి డాక్టర్ ఆఫ్తాబ్ గారు మన ఆస్పత్రికి వచ్చిన తరువాత ఖాదర్ మొహిద్దీన్ గారి ఉద్యోగ జీవితం ఒక మలుపు తిరిగింది. తగిన వేళకు ప్రకాశవంతమైన తెల్లని వెలుగు కళ్ళ మీద పడితే, దేహంలోని గడియారం కొంచెం కొంచెంగా సర్దుకుంటుందనీ, మందులు మానకుండానే ఆ వెలుగును కూడా చికిత్సగా ఇవ్వవచ్చుననీ డాక్టరు గారు చెప్పారు. రెండో అంతస్తులో వాడుకలో లేని ఒక గది దొరికింది. పలక అంత వెడల్పున్న దీపాలు వచ్చాయి. వాటిని చూసుకునే మనిషిగా ఖాదర్ మొహిద్దీన్ గారిని నియమించారు. పైవాళ్ళ కాగితాల మీద దానికి ఏదో పొడుగాటి పేరు ఉండేది. మన తెలుగువాళ్ళం వెలుగు గది అన్నాం, క్రమంగా అరబ్బులూ ఫిలిప్పీన్ నర్సులూ కూడా ఆ పేరే వాళ్ళ నోటికి వచ్చినట్టు పలికారు.

ఆ దీపాలకు తీగలు లాగి గోడకు బిగించినవాడు కోరుట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన మన ఎలక్ట్రీషియన్ నర్సింలు. స్టూలు మీద నిలబడి అడిగాడు.

"ఖాదర్ బాయ్, గీ ట్యూబులైటు ముంగట కూసుంటె తలకాయ తేటపడ్తదా? ఇన్నేండ్ల సంది పొద్దంత ట్యూబులైట్లె బిగిస్తున్న. నాకైతె ఇంకా రాకపాయె తెలివి."

"నువ్వు స్టూలెక్కి ఎనకతట్టు నుంచి చూస్తాండావు గద నర్సింలూ. ముందుకొచ్చి కూర్చుంటేనే పని చేసేది."

"ముంగట కూసుంటె జీతం ఎవలిస్తరు బాయ్?"

రోగుల వైపు నుంచి వచ్చిన హాస్యం దీనికేమీ తీసిపోలేదు. అబూ సాలిం అనే విశ్రాంత ఉపాధ్యాయుడు, విషాద రోగంతో చాలాకాలం బాధపడిన పెద్దమనిషి, ఆ గది గుమ్మంలోనే నిలబడిపోయి, "బయట ఇంత ఎండ పెట్టుకుని మాకు సూర్యుణ్ణి హిందుస్తాన్ నుంచి దిగుమతి చేశారా?" అన్నాడు. ఖాదర్ మొహిద్దీన్ గారు తమ వచ్చీరాని అరబ్బీలో, "ఉన్న సూర్యుణ్ణి తెర వేసి మీరు బయటికి పంపారు, షేఖ్. ఆయన అలిగాడు, తమ్ముణ్ణి పంపాడు" అన్నారు. ఆ ముసలాయన నవ్వి లోపలికి వచ్చి కూర్చున్నాడు. రోజూ వచ్చి కూర్చున్నాడు. కొన్ని వారాలకు, తన పొద్దుటి పళ్ళెం చల్లారిపోయిందని వంటగది మీద ఫిర్యాదు చేశాడు. ఆ ఫిర్యాదు విన్న నాడు ఖాదర్ మొహిద్దీన్ గారి ముఖంలో కనిపించిన తృప్తి ఆ తరువాత వచ్చిన ప్రశంసాపత్రాలు అందుకున్నప్పుడు కనిపించలేదు.

వెలుగు గదికి వచ్చినవారందరూ బాగుపడ్డారని ఈ పదవీ విరమణ సంచికలో రాయడం సత్యం కాదు. కొందరు కుదుటపడ్డారు, కొందరికి ఏ మార్పూ కలగలేదు, కొందరు రావడమే మానుకున్నారు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయనే. రోగి తనంతట తాను ఏ వేళకు మేలుకుంటున్నాడో కనిపెట్టి చూడకుండా ఆయన దీపం మీట వేసేవారు కారు. "తొందరపడితే ఇది మందు గాదు, యేటు" అని కొత్తగా వచ్చిన నర్సులకు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో.

ఇక్కడినుంచి రాయబోయేది సాధారణంగా పదవీ విరమణ సంచికల్లో రాయదగిన విషయం కాదు. ఆ కుటుంబం రాయమన్నది కనుక, ఎట్లా రాయాలో కూడా చెప్పింది కనుక రాయడం జరుగుతున్నది.

ఖాదర్ మొహిద్దీన్ గారికీ వారి భార్య సుగ్రా బేగం గారికీ ఫర్హీన్ ఒక్కతే సంతానం. చిన్నప్పుడే ఈ ఊరికి వచ్చి, ఇక్కడే చదువుకుని, ఇంటికి దగ్గరలోని ఒక నర్సరీ బడిలో పసిపిల్లలకు అక్షరాలు నేర్పేది. పదిమందిలో మాటకు మాట అందించే చురుకైన పిల్ల. ఇరవై దాటిన తరువాత ఆమెకు జబ్బు చేసింది. కొన్నాళ్ళు ఏమీ పట్టని దిగులు, కొన్నాళ్ళు పట్టరాని హుషారు, ఈ రెంటి మధ్యా ఊగే రోగాన్ని బైపోలార్ అంటారని మన ఆస్పత్రిలో పనిచేసేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆమెను ఇంకో ఆస్పత్రిలో చూపించారు, మందులు వాడించారు. దిగులు నెమ్మదించింది కానీ నిద్ర మాత్రం చోటు తప్పింది. తెల్లవారితే తప్ప కన్ను మూతపడదు, పొద్దు వాలితే తప్ప తెరుచుకోదు. ఈ సంగతి మన దగ్గర ఎవరికీ తెలియదు. అమ్మాయి ఎట్లా ఉందని అడిగితే, పై చదువుకు పరీక్షలు రాస్తున్నదని ఆయన చెప్పేవారు.

అప్పుడు ఆయన ఒక పాత దీపాన్ని ఇంటికి తీసుకుపోయారు. డాక్టరు గారికి చెప్పలేదు. చెబితే రోగి ఎవరని అడుగుతారు కదా.

ఆ ఇంట్లో తెల్లవారుజామున ఫజర్ అజాన్ వినిపించిన తరువాత పక్క మీద ఎవరూ ఉండరు. సుగ్రా బేగం గారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న కట్టడి అది, పెళ్ళయిన నాటి నుంచీ ఒక్కనాడూ సడలలేదు. నమాజు చదివి, టీ పెట్టి, ఆ తరువాతే దినం మొదలు. అందువల్ల ఫర్హీన్ దీపం ముందు కూర్చోవలసిన వేళ ఏదన్న ప్రశ్నే అక్కడ పుట్టలేదు. ఫజర్ అయింది, అంటే తెల్లవారింది, తెల్లవారితే దీపం.

"కండ్లు తెరువు బేటా" అనేది తల్లి, ఆమె భుజం పట్టుకుని.

"అమ్మీ, నేను ఇంకా పడుకోనేల్యా."

"అందుకే చెప్తాండా. ఇప్పుడు మేలుకోనుంటే రాత్రికన్నా నిద్ర పడ్తాది."

రాత్రికి పట్టలేదు. వారం గడిచేసరికి నిద్ర తెల్లవారుజాము నుంచి మిట్టమధ్యాహ్నానికి జారింది. మెలకువ పొద్దుగూకే మగ్రిబ్ దాటి ఇషాకు పోయింది. నర్సరీ బడి వాళ్ళు కొంతకాలం ఓర్చి, ఇక వేరే టీచరును పెట్టుకున్నారు. ఖాదర్ మొహిద్దీన్ గారు దీపాన్ని ఇంకొంచెం దగ్గరికి జరిపారు. లోపం దీపంలో లేదు, తాము పెట్టిన వేళలో లేదు, కూర్చునే మనిషిలో ఉందని ఆయనకు తోచింది.

"నువ్వు మనసు పెట్టి కూర్చోవడంల్యా" అని ఒకనాడు కసిరారు.

"దీపం ముందర మనసు యాడ పెట్టల్ల అబ్బా?" అన్నది ఆ పిల్ల. "చూపించు, పెడ్తా."

ఆ మాట తగిలి, మరునాడు ఆయన డాక్టర్ ఆఫ్తాబ్ గారి గదికి వెళ్ళి తలుపు వేసి కూర్చున్నారు. అక్కడ జరిగిన సంభాషణ డాక్టరు గారు, ఖాదర్ మొహిద్దీన్ గారి అనుమతితోనే, తరువాత చెప్పినది.

"ఖాదర్ భాయ్, దీపం ఏ టైముకు పెడ్తున్నరు?"

"ఫజర్ తర్వాత, డాక్టర్ సాబ్."

"పాప ఎప్పుడు పండుకుంటది?"

"ఫజరుకు."

"అది మీకు ఫజర్ భాయ్, పాప ఒంటికి గాదు. ఆమె ఒంట్ల అప్పుడే అర్ధరాత్రి అవుతున్నది. అర్ధరాత్రి గంత వెలుగు కొడితె ఒళ్ళు ఏమనుకుంటది? ఇంకా పొద్దు గూకలేదనుకుంటది. నిద్రను ఇంకా ఎనక్కి నూకుతది. మీకు ఎర్క లేదా ఇది?"

"తెలుసు సాబ్. పరాయివాళ్ళ పిల్లోళ్ళకు తెలుసు. నా బిడ్డ కాడికి వచ్చేసరికి నమాజు టైమే గుర్తుకొచ్చె."

ఆనాటి నుంచి ఫర్హీన్ డాక్టర్ ఆఫ్తాబ్ గారి రోగి అయింది. ఆమెను తనంతట తాను లేచేదాకా లేపవద్దని, లేచిన తరువాతే దీపం ముందు కూర్చోబెట్టమని, ఆ వేళను కొన్నాళ్ళకొకసారి కాస్త ముందుకు జరుపుకుంటూ రమ్మని ఆయన చెప్పారు. పొద్దు గూకిన తరువాత ఇంట్లో మసక దీపాలు తప్ప వద్దన్నారు. సుగ్రా బేగం గారికి ఇది కొరుకుడుపడలేదు. ఎదిగిన పిల్ల ఫజర్ దాటి పడుకుని ఉంటే చూస్తూ ఊరుకోవడం ఆమెకు ఒంటికి నిప్పు తగిలినట్టుండేది. అయినా ఊరుకున్నారు. వంటింట్లో గిన్నె గిన్నెకు తగలకుండా, కొళాయి నీళ్ళు గుడ్డ మీద పడేటట్టు పెట్టి, చప్పుడు చేయకుండా ఆమె పని చేసుకున్న పొద్దులకు లెక్క లేదు.

నిద్ర కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. వేసవిలో మొదలుపెడితే చలికాలానికి వచ్చింది.

ఆ చలికాలంలో ఒకరోజు ఖాదర్ మొహిద్దీన్ గారు పెద్ద మిఠాయి పెట్టెతో ఆస్పత్రికి వచ్చి, గేటు దగ్గరి కాపలాదారు మొదలు అందరికీ తలా ఒకటి పంచుతూ పోయారు. ఎందుకని అడిగితే చెప్పరు. నర్సింలు వదలలేదు.

"ఏంది బాయ్, ప్రమోషనా?"

"ల్యాదు."

"మరేంది, పిల్ల లగ్గం కుదిరిందా?"

"ల్యాదప్పా. మా పాప పొద్దున ఉగ్గాని తినె."

నర్సింలు చేతిలోని మిఠాయిని చూశాడు, ఆయన ముఖం చూశాడు. ఉగ్గాని తింటే మిఠాయి పంచే తండ్రిని అతడు అంతకుముందు చూడలేదు. ఆయన అక్కడే మెట్ల మీద కూర్చుని మొత్తం చెప్పారు. బొరుగులు నానబెట్టి, పోపు పెట్టి సుగ్రా బేగం గారు చేసిన ఆ ఫలహారాన్ని ముగ్గురూ ఒకే చాప మీద కూర్చుని, కిటికీ లోంచి పడుతున్న పొద్దుటి ఎండలో తిన్నారనీ, అట్లా తిని ఎన్నేళ్ళయిందో తమకే గుర్తు లేదనీ చెప్పారు. మన ఆస్పత్రికి ఆ కుటుంబం దాచుకున్న సంగతి తెలిసినది ఆ మెట్ల మీదనే. ఫర్హీన్ మళ్ళీ నర్సరీ బడికి పోసాగింది. పిల్లలు ఆమెను మరిచిపోలేదట.

ఆ తరువాత రంజాన్ వచ్చింది.

ఈ దేశంలో రంజాన్ నెల ఎట్లా ఉంటుందో ఈ సంచిక చదివేవారికి కొత్తగా చెప్పవలసినది లేదు. పగలు వీధులు నిద్రపోతాయి. ఇఫ్తార్‌తో ఉపవాసం విడిచి ఊరు లేచి కూర్చుంటుంది. బడులూ కార్యాలయాలూ వేళలు మార్చుకుంటాయి. తెల్లవారుజామున తినే సహర్ భోజనం అయ్యేదాకా ఇంటింటా మాటలూ నవ్వులూ. డాక్టర్ ఆఫ్తాబ్ గారు ముందే హెచ్చరించారు. మందులు వాడుతున్న మనిషి కనుక ఉపవాసం వద్దని ఆమెకు చెప్పారు. నలుగురితో కలిసి కూర్చోవద్దని మాత్రం ఎట్లా చెబుతారు? ఆ నెలంతా ఆ ఇంటికి బంధువులు వచ్చి పోతున్నారు. అందరి మధ్యా ఫర్హీన్ వెలిగిపోతూ తిరుగుతున్నది.

"చూసినావా అబ్బా, ఈ నెలంతా ఊరంతా నా మాదిరే ఉండాది" అన్నది ఒక సాయంత్రం, ఇఫ్తార్‌కు ఖర్జూరాలు పళ్ళెంలో సర్దుతూ. "నన్ను ఎవురూ లేపల్లేదు. అందురినీ నేనే లేపుతాండా."

పడుకోమని చెప్పవలసిన మనిషి ఆ ముఖం చూసి ఏమీ చెప్పలేకపోయారు. వేలమంది రోగులను చూసిన అనుభవం ఆ క్షణాన ఆయన నోటికి సాయం రాలేదు. ఈద్ అయింది. ఊరు తన వేళకు తాను తిరిగి వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఒక్కతే వెనకబడిపోయింది.

దీపం మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి వేళ తప్పలేదు, డాక్టరు గారి మాట జవదాటలేదు. మొదటి రోజుల్లో అద్భుతంగా కనిపించింది. ఫర్హీన్ అందరికంటే ముందు లేచింది. వంటిల్లు కడిగింది. రాయచోటిలో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. రెండు మూడు దినాలు ఆ తల్లిదండ్రులు తమ కష్టం గట్టెక్కిందనే అనుకున్నారు. సుగ్రా బేగం గారు మొక్కు తీర్చుకోవాలని కూడా అన్నారట. ఆ తరువాత ఆ పిల్ల మాట ఆగడం మానేసింది. అన్నం మానేసింది, నిద్ర పూర్తిగా మానేసింది. తాను ఒక పెద్ద బడి కట్టబోతున్నానని వీధిలో పోయేవారిని ఆపి చెప్పసాగింది. ఈ రోగం ఉన్న కొందరిలో వెలుగు మనసును మేలుకొలిపి అక్కడితో ఆగదు, హద్దు దాటించి తరుముతుంది. ఆ ప్రమాదం ఖాదర్ మొహిద్దీన్ గారికి తెలుసు, డాక్టరు గారికీ తెలుసు. తెలిసే, మందుల రక్షణలో మొదలుపెట్టారు. తెలిసినంత మాత్రాన తప్పించుకోగలిగింది లేదు.

ఆయన తమ బిడ్డను చేయి పట్టుకుని, తాము ఇన్నేళ్ళు పనిచేసిన ఈ భవనంలోకే, రోగిగా తీసుకువచ్చారు. స్త్రీల వార్డు తలుపు దగ్గర ఆగిపోయి, వార్డు తలుపు తీసి లోపలికి పోయే మనిషి ఈసారి తాము కానందువల్ల ఎటు పోవాలో తెలియనట్టు చాలాసేపు నిలబడ్డారు. ఆ రోజు అటువైపు పని ఉన్నవారం అందరమూ వేరే దారిన వెళ్ళాం.

"ఖాదర్ భాయ్, దీపం ఇగ వద్దు" అని డాక్టర్ ఆఫ్తాబ్ గారు తేల్చారు. "మళ్ళ ఎప్పుడన్న ఇయ్యచ్చో లేదో నేను చెప్పలేను. ఇప్పుడైతె వద్దు."

కొన్ని వారాల తరువాత ఆ పిల్ల నెమ్మదించి ఇంటికి వచ్చింది. నిద్ర మాత్రం మళ్ళీ పాత వేళకే పోయింది. ఖాదర్ మొహిద్దీన్ గారు నర్సింలును పిలిచి ఇంట్లో ఉన్న దీపాన్ని విప్పించారు.

"తీస్కపో నర్సింలూ. ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదు."

"ఉండనీ బాయ్, ఒక మూలకు పెడ్త. పిల్ల మల్ల మంచిగైతె..."

"తీస్కపో అంటి గదా."

నర్సింలు దానిని దుప్పటిలో చుట్టుకుని మెట్లు దిగాడు. మరునాటి నుంచి ఖాదర్ మొహిద్దీన్ గారు యథాప్రకారం వెలుగు గది తెరిచి, వచ్చిన రోగులను కూర్చోబెట్టి, ఎదురుగా తామూ కూర్చున్నారు. విధి నిర్వహణలో ఏ లోపమూ రానివ్వలేదు. అయితే ఆ తరువాత ఆయన ఏ రోగితోనూ "బాగైతాది" అన్న మాట అనడం మనలో ఎవరమూ వినలేదు. "కూర్చో, చూద్దాం" అనేవారు.

ఇప్పుడు అరవై నిండాయి. బిడ్డను ఎరిగిన డాక్టరు ఈ ఊళ్ళోనే ఉన్నారు కనుక ఇంకొక సంవత్సరం ఉంచమని ఆయన పై కార్యాలయాన్ని కోరారు. తమ కోసం ఏమీ అడగని మనిషి జీవితంలో అడిగిన ఒక్క కోరిక అది. నిబంధన ఒప్పుకోదని జవాబు వచ్చింది. ఆయన నివాస అనుమతి, ఇఖామా, రద్దయితే దాని మీద ఆధారపడిన తల్లీబిడ్డల ఇఖామాలూ రద్దవుతాయి. ముగ్గురికీ దేశం విడిచి వెళ్ళిపోవాలనే ఫైనల్ ఎగ్జిట్ పడింది. ఫోనులో మాట్లాడుతూ ఉంటానని డాక్టర్ ఆఫ్తాబ్ గారు అన్నారు. హుషారు ముదురుతున్నదని ముందుగా చెప్పే కంటి మెరుపు ఫోనులో కనిపించదని ఖాదర్ మొహిద్దీన్ గారికి తెలుసు, డాక్టరు గారికీ తెలుసు.

ఈ సంచిక కోసం వివరాలు అడగడానికి మన తరఫున నర్సింలు, ఇంకా కొందరు వారింటికి వెళ్ళారు. అసర్ నమాజు అయిన వేళ. హాలంతా కట్టిన పెట్టెలు, తాళ్ళు. తలుపు తీసినది ఫర్హీనే. కళ్ళు ఇంకా నిద్ర బరువుతో ఉన్నాయి.

"గుడ్ మార్నింగ్ మామా" అన్నది.

నర్సింలు ఒక్క క్షణం తడబడి, "గుడ్ మార్నింగ్ బిడ్డా" అన్నాడు.

"బలే, నాకు గుడ్ మార్నింగ్ చెప్పేటోళ్ళు ఒకరు దొరికిరి. మా అమ్మీ అయితే ఇంకా ఈ టైముకు సలామే చెప్తాది, అది గూడా మొగం అట్ల పెట్టుకోని."

వచ్చిన పని చెప్పారు. అమ్మాయి సంగతి రాయకుండా ఉద్యోగం సంగతి మాత్రం రాస్తామని నర్సింలు మెల్లగా అన్నాడు. ఖాదర్ మొహిద్దీన్ గారు తల వంచుకుని పెట్టెకు తాడు బిగిస్తున్నారు. జవాబు ఫర్హీనే చెప్పింది.

"రాయండి మామా. నా పేరుతోనే రాయండి. దాచి దాచి మా అబ్బ నడుము వంగిపోయె. కాకుంటే బాగైపోయిందని రాయాకండి. సంచికల్లో అట్లనే రాస్తారు గదా, చివరాకరికి అంతా బాగైపోయిందని. అదొక్కటి వద్దు."

"మరి ఏమని రాయాలె బిడ్డా?"

"లేచిందని రాయండి. అసరుకు లేచింది, టీ తాగింది. అంతే."

సుగ్రా బేగం గారు లోపలి నుంచి నాలుగు గ్లాసుల టీ తెచ్చి అతిథులకు ఇచ్చి, ఇంకా రెండు తెచ్చి తండ్రీ కూతుళ్ళ ముందు పెట్టారు. ఆ పక్కనే ఒక గిన్నెలో ఉగ్గాని, అందరికీ పళ్ళేలు. అసర్ దాటిన తరువాత ఆ ఇంట్లో పొద్దుటి ఫలహారం. ఆమె కూడా ఒక పళ్ళెం పెట్టుకుని చాప మీద కూర్చున్నారు.

"సెలవు పెట్టినప్పట్నించి ఇదే నాకు టిఫిను" అన్నారు ఖాదర్ మొహిద్దీన్ గారు నర్సింలుతో. "ఫజర్ చదివి, ఈ పాపతో పాటే పడుకుంటాండా. ఈ పాప లేచినప్పుడే లేస్తాండా."

"నువ్వా బాయ్? ఫజర్ అయినంక పండుకునుడా?"

"ఎన్ని తూర్లని ఆ పిల్లను నా పొద్దుకు గుంజేది నర్సింలూ? వచ్చె, పాయె. వచ్చె, పాయె. డ్యూటీ ఉన్నన్నాళ్ళు దాని పొద్దుకు నేను పోలేకపోతి. ఇప్పుడేమి, యాడికి పోవల్ల నేను?"

"రాయచోటిల జనం ఏమంటరు?"

"అననీ. ఇంటిల్లిపాదీ సోంబేరులంటారు." ఆయన గ్లాసు కింద పెట్టి కూతురి వైపు చూశారు. "అది బాగైతాదని నాకు నమ్మకం పాయె. అబద్ధం చెప్పను. కానీ లేచేతలికి ఎదురుగా ఎవురూ లేకుంటే ఎట్లుంటాదో, అది ఈ ఇన్నేండ్లూ వార్డులో చూసినా."

ఫర్హీన్ ఆ మాట వినీ విననట్టు నర్సింలు పళ్ళెంలో ఇంకొంచెం ఉగ్గాని వేసింది. "తినండి మామా, టిఫిన్ టైము అయిపోతాది" అన్నది.

ముప్పై సంవత్సరాల సేవను పూర్తిచేసి, జనాబ్ షేక్ ఖాదర్ మొహిద్దీన్ గారు ఈ మాసాంతాన విశ్రాంతి తీసుకుంటున్నారు. వెలుగు గదిని ఇకపై ఎవరు తెరుస్తారో ఇంకా నిర్ణయం కాలేదు. వారు మనకు నేర్పిన ఓర్పును, మనలో కొందరికైనా అబ్బిన ఆ జాగ్రత్తను, ఈ సందర్భాన కృతజ్ఞతతో తలచుకుంటున్నాం. ఆ ఇంటికి మంచి రోజులు తప్పక వస్తాయని రాయడం మర్యాద. ఆ కుటుంబం వద్దన్న మాట కనుక రాయడం లేదు. సుగ్రా బేగం గారికి మనశ్శాంతిని, ఫర్హీన్‌కు ఏ వేళకైనా సరే నిండైన నిద్రను భగవంతుడు, వారి నోట అల్లా, ప్రసాదించాలని వేడుకుంటున్నాం. ఖాదర్ మొహిద్దీన్ గారు మాత్రం ఆరోగ్యంగా ఉండాలి. చాలా ఏళ్ళు ఉండాలి. పదవీ విరమణ చేసే ప్రతి ఒక్కరికీ మనం చెప్పే మాటే ఇది. ఇంతకుముందు ఎవరికీ ఇంత అవసరంగా చెప్పలేదు. ఆ అమ్మాయి కళ్ళు తెరిచే ప్రతి సాయంత్రమూ, ఎదుట ఒక మనిషి టీ గ్లాసుతో కూర్చుని ఉండాలి.

— బాలన్న, మరమ్మతుల విభాగం